మన్యంలో షుగర్ పరీక్షలు: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పాడేరు మన్యంలోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో నీకు పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పాడు. గూడేల్లో మధుమేహంపై అవగాహన ఎలా కల్పించాలని అడిగావు కనుక, ఆ కొండల్లోనే నర్సుగా పనిచేసి రిటైరైనదానిగా నాకు తెలిసినది రాస్తున్నాను. పోస్టర్లు, ఉపన్యాసాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు నీ చేతిలోని కొలత సరిగా ఉండాలి. ఒక్క తప్పుడు రీడింగ్ సంగతి గూడెంలో తెలిసిందంటే, ఆపైన నీవు చెప్పేది ఎవరూ చెవిన పెట్టరు.

సీతాఫలాలు, అనాసలు కోసే రోజుల్లో సబ్బుతో చేతులు కడిగించి, పొడిగా తుడిపించాకే వేలికి సూది గుచ్చు. పండ్ల రసం ఏ కాస్త అంటుకుని ఉన్నా షుగర్ లేనివారికి కూడా మీటరు ఎక్కువ చూపిస్తుంది, స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచినంత మాత్రాన అది పోదు. వానాకాలపు తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి కనుక డబ్బా మూత వెంటనే బిగించు. లంబసింగి వైపు చలికాలంలో తెల్లవారుజామున మీటరు మొరాయిస్తే దాన్ని కాసేపు కొంగులో పెట్టుకో.

అంతకంటే ముఖ్యమైనది సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్తవ్యాధి, మన గిరిజనుల్లో కనిపిస్తుంది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను మైదానంలో నమ్మినట్లు అక్కడ నమ్మకు. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి కాబట్టి ఆ అంకె అసలుకంటే తక్కువ రావచ్చు, ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉన్నవారిలో ఎక్కువ రావచ్చు. పరగడుపున 126, లేదా 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 (రెండూ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో), ఆపైన ఉంటేనే అనుమానించి, ల్యాబ్‌లో మరో రోజు మళ్లీ చేయించి డాక్టరుగారితో ఖాయం చేయించు.

ప్రభుత్వ స్క్రీనింగ్ ప్రధానంగా 30 ఏళ్లు దాటినవారి మీదే దృష్టి పెడుతుంది. అయితే బక్కచిక్కిపోయి, పదేపదే నీళ్లు తాగుతూ మూత్రానికి వెళ్లే 20 ఏళ్ల కుర్రవాడు కనిపిస్తే వదిలేయకు. పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో టైప్ 5గా గుర్తించింది. షుగర్ లావుపాటివాళ్ల జబ్బు అనేవారు మన సిబ్బందిలోనే ఉన్నారు, వింటే ఒళ్లు మండుతుంది.

తిండి విషయంలో, చోళ్లు (రాగులు) తింటే షుగర్ రాదని మాత్రం చెప్పకు. చోడిలోనూ ఉన్నది పిండిపదార్థమే, పల్చని అంబలి చెంబుల కొద్దీ తాగితే షుగర్ పెరుగుతుంది. రేషన్ బియ్యమే ఆధారమైన ఇంటికి వెళ్లి అన్నం మానేయమంటే నిన్ను చూసి నవ్వుకుంటారు. అన్నం కొంచెం తగ్గించి ఆకుకూరలు, ఉలవలు పెంచమను, సంతకు మోసుకెళ్లే రాజ్‌మాలో ఇంటికి కాస్త ఉంచుకోమను. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పోడుకు వెళ్లి జీలుగు కల్లు తాగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, కనుక తిన్నాకే మాత్ర వేసుకోవాలని, చెమటలు, వణుకు మొదలైతే వెంటనే బెల్లం నీళ్లు పట్టాలని ఇంటి ఆడవాళ్లకు నేర్పు.

సంతలో పరీక్షలు చేయవచ్చుగానీ, ఫలితాన్ని నలుగురిలో చెప్పకు. తెలుగు అంతగా రాని పెద్దవాళ్లతో ఆశా కార్యకర్తనే మాట్లాడనివ్వు. గూడెంలో పూజలు, నాటువైద్యం చేసే దిసారిని వెక్కిరించకు, ఆయనకు కూడా ఓసారి పరీక్ష చేసి చూడు. వానలకు గెడ్డలు పొంగి దారులు మూసుకుపోకముందే అవతలి గూడేలకు రెండు నెలల మాత్రలు చేర్చేలా ఇప్పుడే ఇండెంట్ పెట్టు.

ఇట్లు,
మీ మేనత్త