సూపర్‌హీరో సినిమాల సంగీతం: పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. పాత సూపర్‌హీరో సినిమాల నేపథ్య సంగీతాన్ని ఇప్పటి సినిమాల సంగీతంతో పోల్చి ఒక వ్యాసం రాస్తున్నావని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. పాత సినిమాల్లో బాణీలుండేవని, కొత్త సినిమాల్లో చప్పుడే మిగిలిందని మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశావు. ఆ తీర్పులో కొంత నిజముంది. అయితే ఎంత నిజమో, ఏ సినిమా విషయంలో నిజమో, ఎందుకు అలా జరిగిందో చూపించకపోతే, అప్పటికే నీతో ఏకీభవించేవాళ్లు తప్ప ఇంకెవరూ దాన్ని ఒప్పుకోరు. ఒకప్పుడు రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వాయిస్తూ, మనవాళ్లు ఆర్.ఆర్. (రీ-రికార్డింగ్) అని పిలిచే ఈ నేపథ్య సంగీతపు పనిని దగ్గరగా చూసినవాణ్ని కనుక, ఎలా వినాలో, ఎలా రాయాలో నాకు తెలిసినంత చెబుతాను.

అన్నిటికంటే ముందు, సినిమాను సినిమాతో పోల్చడం మానేసి సన్నివేశాన్ని సన్నివేశంతో పోల్చు. నీ చిత్తుప్రతిలో 1978 నాటి "సూపర్‌మ్యాన్" టైటిల్ సంగీతాన్ని తీసుకువచ్చి, అదే సూపర్‌మ్యాన్ కథతో 2013లో వచ్చిన "మ్యాన్ ఆఫ్ స్టీల్" పోరాట దృశ్యం పక్కన నిలబెట్టావు. టైటిల్స్ పడుతున్నంతసేపు తెర మీద మాటలు ఉండవు, కథ ఉండదు, సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్‌కూ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాకూ మైదానమంతా ఖాళీగా ఉంటుంది. భవనాలు కూలే దృశ్యంలో రెండో సినిమా సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్‌కు ఆ వెసులుబాటు లేదు. అందువల్ల రెండు సినిమాల్లోనూ ఒకే పని చేసే ఘట్టాన్ని, అంటే కథానాయకుడు మొదటిసారి తన శక్తిని బయటపెట్టే ఘట్టాన్ని ఎంచుకో.

1978 సినిమాలో అది హెలికాప్టర్ దృశ్యం. మేడ అంచు నుంచి కథానాయిక లోయిస్ వేలాడుతున్నంతసేపు సంగీతం ఆమె భయం వెంటే నడుస్తుంది. వీధిలో పరుగెత్తుతూ క్లార్క్, అంటే మామూలు మనిషి వేషంలో ఉన్న సూపర్‌మ్యాన్, చొక్కా విప్పి ఛాతీ మీది గుర్తును చూపించిన క్షణాన ట్రంపెట్లు అందుకుంటాయి, అక్కడి నుంచి అది ఊరందరి ఉత్సాహమవుతుంది. ఆ బాణీ ప్రధానంగా షడ్జ పంచమాల మీదా పై షడ్జం మీదా నిలబడింది. నీకు సంగీత జ్ఞానం ఉంది కాబట్టి, శ్రుతి పెట్టె మోగించే స్వరాలే అవని వెంటనే గమనిస్తావు. వినేవాడి మనసులో సందేహానికి తావివ్వని స్వరాలవి. ఈ మనిషి మంచివాడు, మనల్ని కాపాడతాడు అని చెప్పడానికి అంతకంటే స్థిరమైన ఆధారం సంగీతంలో దొరకదు.

2013 సినిమాలో అతడు మంచు మధ్య ఒంటరిగా ఉంటాడు, చూసేవాళ్లు ఎవరూ లేరు. మొదట ఎగిరి పడిపోతాడు. తరువాత పిడికిలి నేలకు ఆనించి మళ్లీ పైకి లేస్తాడు. ఆ సమయంలో చనిపోయిన తండ్రి గొంతు వినిపిస్తూ ఉంటుంది. మాటల కింద నడవాల్సిన సంగీతం ట్రంపెట్ బాణీతో ముందుకు దూకితే ఆ మాటలు మునిగిపోతాయి. అందుకే అక్కడ సంగీతం మెల్లగా మొదలై, పొర మీద పొర చేరుతూ, చివరికి డ్రమ్ముల బలంతో పైకి లేస్తుంది. ఆ సినిమా కోసం జిమ్మర్ పన్నెండు మంది డ్రమ్మర్లను ఒకచోట కూర్చోబెట్టి వాయింపజేశాడు. 1978లో సంగీతం ఊరి తరఫున మాట్లాడింది, 2013లో ఒక మనిషి లోపలి తపనను వినిపించింది. ఈ తేడాను గుర్తించిన తరువాత కూడా నీకు మొదటిదే గొప్పగా అనిపించవచ్చు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ అప్పుడు నీ అభిప్రాయానికి ఒక ఆధారం ఉంటుంది.

వినడంలో ఒక క్రమం పాటించు. ప్రతి సన్నివేశాన్నీ ముందు మామూలుగా చూడు. రెండోసారి తెర వైపు చూడకుండా, మాటలూ శబ్దాలూ సంగీతమూ కలిసి వినిపించే మొత్తాన్ని విను. కొత్త సినిమాల్లో సంగీతం కాస్త చోటు కోసం ఎంతగా పెనుగులాడుతుందో అప్పుడే అర్థమవుతుంది. మూడోసారి ఆల్బమ్‌లో ఆ భాగాన్ని విడిగా విను. అయితే ఆల్బమ్‌ను నమ్ముకుని మాత్రం రాయకు, ఎందుకంటే ఆల్బమ్‌లో భాగాల వరుస మారుతుంది, కొన్ని ముక్కలు కలుపుతారు, కొన్ని వదిలేస్తారు, సినిమాలో గట్టి శబ్దం కింద వినబడకుండా పోయిన బాణీ ఆల్బమ్‌లో నిండుగా వినిపిస్తుంది. వింటున్నప్పుడు సంగీతం ఏ క్షణాన మొదలైందో రాసుకో. ఏ క్షణాన ఆగిందో తప్పకుండా రాసుకో, చాలామంది ఈ రెండోదాన్ని పట్టించుకోరు. సంగీత దర్శకుడి వివేచన ఎక్కువగా తెలిసేది అతడు ఎక్కడ మౌనం పాటించాడనే దానిలోనే.

తరువాత స్వరాలను చేత్తో పట్టుకో. వయొలిన్ మీదో కీబోర్డు మీదో వాయించి చూడకుండా బాణీ గురించి రాయవద్దు. 1989 నాటి "బ్యాట్‌మ్యాన్" కోసం డానీ ఎల్ఫ్‌మన్ కట్టిన బాణీని తీసుకో. దాని గుండెకాయ అయిదు స్వరాలే. షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం వరుసగా ఎక్కి, అక్కడి నుంచి శుద్ధ ధైవతానికి ఒక్క గెంతు వేసి, పంచమానికి దిగుతుంది. ఆ ధైవతం దగ్గర పుట్టే బరువు, పంచమం దగ్గర దొరికే కొద్దిపాటి ఊరట, ఈ రెంటి మధ్యనే ఆ పాత్ర ఉంది. ఇక అసలు పనితనం ఆ స్వరాలను ఎల్ఫ్‌మన్ ఎన్ని రకాలుగా మలిచాడన్నది. టైటిల్స్ మొదట్లో అవే స్వరాలు చీకట్లో తడుముకుంటున్నట్లు నెమ్మదిగా వస్తాయి, కాసేపటికి సైనికుల కవాతులా సాగుతాయి, చివరి దృశ్యంలో గంటల మోతతో వెలుగు నిండిన మేజర్ శ్రుతిలోకి చేరుతాయి. ఒకే బాణీ సినిమా మొదట్లో ప్రశ్నగా, చివర్లో సమాధానంగా వినిపిస్తుంది.

దీని పక్కన 2005 నాటి "బ్యాట్‌మ్యాన్ బిగిన్స్"ను పెట్టు. జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవర్డ్ కలిసి చేసిన ఆ సంగీతంలో కథానాయకుడి గుర్తు రెండు స్వరాలు మాత్రమే, షడ్జం నుంచి సాధారణ గాంధారానికి ఒక్క అడుగు. రెండే స్వరాలు కనుక ఇది బద్ధకమని తేల్చేయకు. 2008 నాటి "ది డార్క్ నైట్"లో విలన్ జోకర్ కోసం చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద తీగ వాద్యం) మీద సాగే ఒకే ఒక్క స్వరాన్ని విను. అది మెల్లగా బిగుసుకుంటూ, ఎప్పుడు తెగుతుందో తెలియని తీగలా చెవిని పట్టి ఉంచుతుంది. ఆ ఒక్క స్వరం వినిపించిన చోటల్లా, జోకర్ తెర మీదికి రాకముందే మనకు భయం మొదలవుతుంది. స్వరాల సంఖ్యతో సంగీతం విలువను కొలవలేమని దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. అయినా నా మనసులోని మాట చెప్పాలంటే, జోకర్ స్వరానికి ఉన్న బలం ఆ బ్యాట్‌మ్యాన్ రెండు స్వరాలకు లేదు. ఆ రెండు స్వరాలు గట్టిపడగలవు, మెత్తబడగలవు, కానీ ఎల్ఫ్‌మన్ అయిదు స్వరాల మాదిరిగా మరో రూపంలోకి మారడానికి వాటికి చోటు తక్కువ. కొత్త సంగీతం పోగొట్టుకున్నది ఏదైనా ఉంటే అది ఇదేనని నేను నమ్ముతాను. బాణీ పోలేదు, బాణీని కథతోపాటు పెంచే అలవాటు తగ్గింది.

ఈ మార్పుకు కారణాలను వెతికేటప్పుడు సంగీత దర్శకుల ప్రతిభ తగ్గిందని సులువుగా అనేయకు. ఎడిటింగ్ కంప్యూటర్ మీదికి వచ్చాక సినిమా విడుదల దాకా దృశ్యాలు మారుతూనే ఉంటాయి. ఒక దృశ్యం నిడివి చూసుకుని బాణీకి ఎత్తుగడ, ముగింపు కూర్చిన వ్యక్తి, రేపు ఆ దృశ్యంలో సగం పోతుందంటే ఏం చేయాలి? ఎక్కడ కోసినా అతుక్కునే తాళం, ఎక్కడ ఆపినా తెలియని నాదం అప్పుడు అక్కరకొస్తాయి. దానికి తోడు టెంప్ ట్రాక్ అనే పద్ధతి ఉంది. సంగీతం తయారు కాకముందే వేరే సినిమా సంగీతాన్ని తాత్కాలికంగా వేసి ఎడిటింగ్ చేస్తారు. నెలల తరబడి దాన్నే విన్న దర్శకుడి చెవికి అదే సరైనదనిపిస్తుంది, చివరికి దాన్నే పోలినది కావాలంటాడు. ఈ పద్ధతి పాతకాలంలోనూ ఉండేది, ఇప్పుడు దాని పట్టు మరింత బిగిసింది.

పాతవాళ్లు ఒంటరిగా రాశారు, కొత్తవాళ్లు బృందాలతో నెట్టుకొస్తున్నారు అని నువ్వు రాసిన వాక్యాన్ని తీసేయమని నా సలహా. 1989 సినిమాలో ఎల్ఫ్‌మన్ ఊహను ఆర్కెస్ట్రాకు తగినట్లు విస్తరించినవాడు స్టీవ్ బార్టెక్, ఆర్కెస్ట్రాను నడిపించినది షర్లీ వాకర్. వాళ్ల పేరెత్తకుండా ఆ సంగీతాన్ని పొగడడం న్యాయం కాదు. "ది డార్క్ నైట్" సంగీతాన్ని మొదట ఆస్కార్ పోటీకి అనర్హమన్నారు, సంగీతం చేసినవారి జాబితాలో పేర్లు ఎక్కువగా ఉన్నాయన్నది అభ్యంతరం. తరువాత ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. బృందాలు రెండు కాలాల్లోనూ ఉన్నాయి, పేర్లు వేసే పద్ధతి మారింది.

జ్ఞాపకం గురించి నీ వ్యాసంలో ఒక భాగం కేటాయించు. కొత్త బాణీలు ఎవరికీ గుర్తుండవని అందరూ అంటారు. బాణీ గుర్తుండాలంటే అది మళ్లీమళ్లీ వినిపించాలి కదా! విలియమ్స్ బాణీని 1980 నాటి రెండో సూపర్‌మ్యాన్ సినిమాలో కెన్ థోర్న్, 2006 నాటి "సూపర్‌మ్యాన్ రిటర్న్స్"లో జాన్ ఓట్‌మన్ కొనసాగించారు. అదే "ఐరన్ మ్యాన్"ను చూడు. 2008లో రమిన్ జవాదీ, 2010లో జాన్ డెబ్నీ, 2013లో బ్రయన్ టైలర్. మూడు సినిమాలకు ముగ్గురు సంగీత దర్శకులు, ఒకరి బాణీని మరొకరు పెద్దగా పట్టించుకోలేదు. అలాంటప్పుడు ప్రేక్షకుడికి ఏది గుర్తుండాలి? అలన్ సిల్వెస్ట్రీ 2012లో "అవెంజర్స్"కు కట్టిన బాణీ 2019లో "ఎండ్‌గేమ్" చివరి యుద్ధంలో తిరిగి వచ్చినప్పుడు థియేటర్లు ఎలా దద్దరిల్లాయో నువ్వే చూశావు. కొత్త కాలపు బాణీ కూడా, దానికి మళ్లీ వినిపించే అవకాశం ఇస్తే, మనుషుల మనసుల్లో నిలుస్తుంది.

ఇంకొక జాగ్రత్త మన చెవికి సంబంధించినది. మనం హీరో ఎంట్రీలు వింటూ పెరిగాం. ఎలివేషన్ ఎంత గట్టిగా ఉంటే బీజీఎం అంత గొప్పదని కొలిచే అలవాటు మనకు తెలియకుండానే ఉంటుంది. ఆ కొలతతో వెళితే 2019 నాటి "జోకర్" సంగీతం నీకు దొరకదు. హిల్దుర్ గుద్‌నదోత్తిర్ ఆ సంగీతాన్ని చిత్రీకరణకు ముందే, స్క్రిప్టు చదివి, చెల్లో మీద మొదలుపెట్టింది. పబ్లిక్ మరుగుదొడ్డిలో జోకర్ పాత్ర నెమ్మదిగా నాట్యం చేసే దృశ్యం, షూటింగ్‌లో ఆ సంగీతాన్ని వినిపించినందువల్లే ఆ రూపం దాల్చింది. సంగీతం నటుణ్ని కదిలించిన ఆ దృశ్యం గురించి నువ్వు ఒక పేజీ రాసినా నాకు ఎక్కువ అనిపించదు. అలాగే 2018 నాటి "బ్లాక్ పాంథర్" కోసం లుడ్విగ్ గోరాన్సన్ ఆఫ్రికాలోని సెనెగల్ వెళ్లి, గాయకుడు బాబా మాల్ వెంట తిరిగి, అక్కడి టాకింగ్ డ్రమ్‌ను (మాట్లాడుతున్నట్లు మోగే డోలును) కథానాయకుడికి, ఫులా జాతివారి వేణువును అతడి ప్రత్యర్థికి గుర్తుగా ఇచ్చాడు. ఈ రెండు సినిమాలకూ ఆస్కార్ వచ్చింది. కొత్త సంగీతం అంటే ఒకే మూస అని రాసే ముందు వీటిని పక్కన పెట్టుకుని ఆలోచించు.

రాసేటప్పుడు గూస్‌బంప్స్, అద్భుతం, మైండ్‌బ్లోయింగ్ వంటి మాటలను దూరం పెట్టు. ఒళ్లు జలదరించిందని చెప్పడం తప్పు కాదు. ఏ వాద్యం ఏ క్షణాన ఏం చేసినందువల్ల అలా జరిగిందో ఆ వెంటనే చెప్పగలిగితేనే ఆ మాట రాయి. సందేహం ఉన్న చోట వాద్యం పేరు రాయకుండా తీగ వాద్యాలనో ఊదే వాద్యాలనో చెప్పి ఊరుకో. పాతదే మేలని నీకు అనిపించినప్పుడు మొహమాటపడకుండా రాయి, కానీ కొత్తదానిలో అత్యుత్తమమైన దాన్ని ఎదురుగా నిలబెట్టి రాయి.

చివరి భాగానికి 2025 నాటి "సూపర్‌మ్యాన్"ను ఉంచుకో. అందులో జాన్ మర్ఫీ, డేవిడ్ ఫ్లెమింగ్ అనే ఇద్దరు జాన్ విలియమ్స్ బాణీనే తీసుకుని ఎలక్ట్రిక్ గిటార్ మీదికి తెచ్చారు. పాత స్వరాలు, కొత్త వాద్యం, కొత్త దృశ్యం ఒకేచోట దొరుకుతాయి కనుక, పైన చెప్పిన పద్ధతిలో 1978 సన్నివేశం పక్కన దీన్ని పెట్టి వినడం నీ వాదనకు మంచి పరీక్ష అవుతుంది. ముందుగా హెలికాప్టర్ దృశ్యం, మంచు దృశ్యం, ఈ రెంటికీ రాసుకున్న వివరాలను నాకు పంపు, వాటిని చూశాక మిగతా జతల గురించి మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మావయ్య