పాప ప్రాజెక్టు ప్లాస్టిక్ మీదనా అని దిగులు పడొద్దన్నా

చంద్రగిరి నుంచి రాసిన అన్నకి. పాప తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తోంది, కార్బన్ కలిపిన పాలిమర్ బ్లెండ్స్‌లో, అంటే ప్లాస్టిక్ మిశ్రమాల్లో, కరెంటు ఎట్లా పారుతుందనే దాని మీద ప్రాజెక్టు తీసుకుంటానంటోంది, దీంతో ఉద్యోగమేం వస్తుంది, ఫార్మా వైపు తిప్పమంటారా అని అడిగినారు. నేనైతే తిప్పమని చెప్పనన్నా.

ముందు ఆ పని ఏందో మీకూ తెలియాల. మామూలు ప్లాస్టిక్ కరెంటుని పోనీదు, అందుకే కదా వైర్లకి తొడుగేసేది. దాంట్లో కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి నల్ల పొడి కొద్దికొద్దిగా కలుపుతా పోతే మొదట్లో పెద్ద మార్పేం కనపడదు, ఒక హద్దు దాటినాక రేణువులు దగ్గర దగ్గరగా చేరి దారి కుదిరిపోతుంది, వరసలో నిలబడినోళ్ళు బిందెలు అందించుకున్నట్టు కరెంటు ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చేస్తుంది, కండక్టివిటీ, అంటే కరెంటుని పోనిచ్చే గుణం, కోట్ల రెట్లు ఎగబాకుతుంది. పర్కొలేషన్ త్రెషోల్డ్ అంటారు దీన్ని. ఇంక ఒకదాంట్లో ఒకటి కలవని రెండు ప్లాస్టిక్‌లు తీసుకుంటే కార్బన్ ఏదో ఒకదాంట్లోకే పోతుంది, లేకుంటే రెండిటి మధ్య అంచులో చేరుతుంది, ఆ భాగం తెగకుండా సాగి ఉంటే తక్కువ కార్బన్‌తోనే పని అయిపోతుంది. కార్బన్ జాస్తి అయితే కరిగిన ముద్ద మెషీన్‌లో సరిగ్గా పారదు, వస్తువు పెళుసైపోతుంది, కాబట్టి ఆ తగ్గింపు కంపెనీలకి చాలా ముఖ్యం.

చిప్పులు పెట్టే నల్ల ట్రేలు, వేడెక్కేకొద్దీ కరెంటు తానే తగ్గించుకునే హీటింగ్ కేబుళ్ళు, ఇవన్నీ ఈ సరుకే. మన పక్కనే చూడండి, చిన్నపండూరులో అపోలో టైర్లు, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, శ్రీసిటీ, రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్. టైర్ రబ్బరులో కార్బన్ బ్లాక్ ఉంటుంది, లిథియం బ్యాటరీ ఎలక్ట్రోడ్‌లో కూడా కరెంటు పారడానికి దాన్నే కొంచెం కలుపుతారు. అయితే ప్రాజెక్టు పేరు చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు, కలపడం, కొలవడం చేత్తో వచ్చినోళ్ళకే విలువ.

అందుకని పాపని ఈ వారమే గైడ్ దగ్గరికి పంపండి. కరిగించి కలిపే మిక్సర్ గానీ ఎక్స్‌ట్రూడర్ గానీ ఎక్కడ దొరుకుతుంది, నాలుగు మొనలు ఆనించి కొలిచే ఫోర్ ప్రోబ్ సెటప్ ఉందా అని అడగమనండి. సాంపిల్‌కి వెండి పేస్టు రాసి, బయటి రెండు ప్రోబుల్లో కరెంటు పంపి లోపలి రెండిట్లో వోల్టేజి చూడడం ఒకసారి వచ్చిందంటే, బ్యాటరీ ల్యాబ్‌కి పోయినా పనికొస్తుంది. ఒకే మిశ్రమాన్ని ప్రెస్సులో అచ్చు పోసి ఒకటి, కరిగిన ముద్దని ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించే ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో ఒకటి చేసి కొలవమనండి, రీడింగులు తేడా వస్తాయి, ఎందుకో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అదే మాట్లాడుతుంది. మెషీన్లు ఇక్కడ లేకపోతే చెన్నైలో సిపెట్ అనే కేంద్ర ప్లాస్టిక్స్ సంస్థలో చేసుకునే వీలుందేమో గైడ్‌నే కనుక్కోమనండి.

పీహెచ్‌డీ ఆలోచనుంటే నెట్ పరీక్షతో పాటు గేట్ పరీక్షలో ఎక్స్ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్లో పాలిమర్ సైన్స్ సెక్షన్ ఉంది, అది కూడా చూడమనండి, ఏర్పేడు ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ మన గడప ముందే ఉన్నాయి. గైడ్ మాత్రం ల్యాబ్ పని లేదు, పేపర్లు చదివి రిపోర్టు రాస్తే చాలంటే, అప్పుడు టాపిక్ మార్చుకోమని నేనే చెప్తా.