ఎన్‌బీఏ అలవాటున్నవారికి జర్మనీ బాస్కెట్‌బాల్ లీగ్ నచ్చుతుందా?

నచ్చుతుంది. అయితే ఫోన్లో ముఖ్యాంశాలు చూస్తే కాదు, హాల్లో కూర్చుని చూస్తేనే.

తూర్పు జర్మనీలోని కెమ్నిట్స్‌లో మాస్టర్స్‌కు సీటు వచ్చిందని, ఏళ్ల తరబడి అమెరికా లీగ్ ఎన్‌బీఏ చూస్తున్నానని, ఇక్కడి బాస్కెట్‌బాల్ బుండెస్‌లీగా చూడదగ్గదా లేక కాలక్షేపమేనా అని మీరు అడిగారు. నేను ఇదే ఊళ్లో చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరాను. చలికాలంలో నా వారాంతాలు చాలావరకు ఈ ఊరి జట్టు నైనర్స్‌కే పోతాయి. కాబట్టి నా జవాబులో కొంత పక్షపాతం ఉంటుంది, మీరే తీసేసి చదువుకోండి.

వ్యక్తిగత నైపుణ్యంలో ఎన్‌బీఏకు ఈ లీగ్ సాటి రాదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఇక్కడ వెలిగినవాళ్ల చూపూ అటే ఉంటుంది. ఫ్రాంజ్ వాగ్నర్ ఆల్బా బెర్లిన్‌లో ఆడి, మిషిగన్ యూనివర్సిటీ మీదుగా 2021లో ఎన్‌బీఏ జట్టు ఓర్లాండో చేరాడు. మీకు కావలసింది గాలిలో విన్యాసాలే అయితే ఎన్‌బీఏనే చూసుకోండి. అయిదుగురు కలిసి ఒక బుట్ట ఎలా సంపాదిస్తారన్నది చూడాలని ఉంటే మాత్రం ఇటు రండి.

ఈ తేడా ఎక్కువగా నియమాల వల్ల వస్తుంది. ఇక్కడ అంతర్జాతీయ నియమాలతో ఆడతారు. క్వార్టర్‌కు 12 కాదు, 10 నిమిషాలు. ఆరో ఫౌల్ దాకా ఆగరు, అయిదో ఫౌల్‌కే ఆటగాడు బయటికి వెళ్లిపోవాలి. మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది, ఎన్‌బీఏలో అది 7.24. వీటన్నిటికన్నా పెద్ద తేడా, డిఫెన్స్‌లో ఉన్నవాడు బుట్ట దగ్గర మూడు సెకన్లకు మించి ఊరికే నిలబడకూడదన్న నిబంధన ఇక్కడ లేకపోవడం. ఏడడుగుల మనిషి తన బుట్ట కింద మర్రిచెట్టులా పాతుకుపోవచ్చు, రిఫరీ విజిల్ ఊదడు. ఇక ఎంత వేగం ఉన్నవాడైనా బంతి పట్టుకుని ఒంటరిగా దూసుకుపోయే దారి మూసుకుపోతుంది. స్క్రీన్ పెట్టాలి (అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడాలి), బంతి వదలాలి, మళ్లీ స్క్రీన్ పెట్టాలి, ఆ పెద్దమనిషిని బుట్ట దగ్గరినుంచి బయటికి లాగాలి. షాట్ వేయడానికి ఉన్న 24 సెకన్లలో ఇరవై సెకన్లు ఇదే జరుగుతుంది. మొదట్లో విసుగనిపిస్తుంది. కొన్ని మ్యాచ్‌లు చూశాక, ఎన్‌బీఏలో ఒకడు డ్రిబుల్ చేస్తుంటే నలుగురు నిలబడి చూడటమే మీకు వింతగా తోస్తుంది.

ఇంకొకటి చెప్పాలి, మొదటిసారి చూసినవాళ్లు ఫౌల్ అనుకుని లేచి నిలబడతారు. షాట్ వేసిన బంతి రింగును తాకిందంటే చాలు, ఇంకా పైనే ఆడుతున్నా సరే, ఎవరైనా దాన్ని పక్కకు కొట్టేయవచ్చు. టైమ్ అవుట్ అడిగే హక్కు ఆటగాళ్లకు లేదు, కోచ్‌లకే ఉంటుంది. అవి కూడా మ్యాచ్ మొత్తానికి అయిదే. చివరి రెండు నిమిషాలు అరగంట సాగే బాధ ఇక్కడ తక్కువ.

ఇక నన్ను పూర్తిగా ఇటు లాగింది పట్టిక అడుగు భాగం. మామూలుగా 18 జట్లు, అందరూ అందరితో సొంత ఊళ్లో ఒకటి, బయట ఒకటి ఆడితే 34 మ్యాచ్‌లు. మొదటి ఆరు జట్లు టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు నేరుగా వెళతాయి. ఏడు నుంచి పది స్థానాలవారు మిగిలిన రెండు చోట్ల కోసం తేల్చుకుంటారు. అట్టడుగు రెండు జట్లు కింది డివిజన్‌కు పడిపోతాయి. ఎన్‌బీఏలో మార్చి వచ్చేసరికి కొన్ని జట్లు మంచి డ్రాఫ్ట్ వంతు (కొత్త కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం) కోసం ఓడిపోవడమే మేలన్నట్టు ఆడతాయి కదా? ఇక్కడ డ్రాఫ్టే లేదు. ఓడితే కిందికి పోవడమే. దాంతో స్పాన్సర్లు జారుకుంటారు, ఆటగాళ్లు వెళ్లిపోతారు. అందుకని ఏప్రిల్‌లో పదిహేనో జట్టుకూ పదహారో జట్టుకూ మ్యాచ్ పడిందంటే, నేను ఫైనల్ కన్నా ముందు దానికి టికెట్ చూసుకుంటాను.

పైభాగంలోనూ అంతా ముందే రాసిపెట్టినట్టు ఉండదు. బాయర్న్ మ్యూనిక్, ఆల్బా బెర్లిన్‌ల దగ్గర డబ్బుంది. 2018 నుంచి టైటిళ్లు దాదాపు ఆ రెండే పంచుకున్నాయి. అయినా 2023లో ఉల్మ్ ఏం చేసిందో చూడండి. ఏడో స్థానంతో ప్లేఆఫ్‌లోకి వచ్చింది. వరుసగా మూడేళ్లు విజేతగా నిలిచిన ఆల్బాను, తర్వాత బాయర్న్‌ను, ఫైనల్లో పట్టికలో అగ్రస్థానంలో ఉన్న బాన్‌ను ఓడించి మొట్టమొదటిసారి చాంపియన్ అయింది. ప్రతి సిరీస్‌లోనూ మూడు మ్యాచ్‌లు గెలవాలి కాబట్టి దీన్ని ఒక్కరోజు అదృష్టం అనడానికి వీల్లేదు.

ఆ బాన్ జట్టు కథలోనే ఈ లీగ్‌లో నాకు నచ్చని సంగతీ ఉంది. 175 సెంటీమీటర్ల టీజే షార్ట్స్ ఆ ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాడు. ఫిన్లండ్ కోచ్ టువోమాస్ ఈసలో ఆధ్వర్యంలో ఆ జట్టు అదే సీజన్‌లో యూరప్ స్థాయి చాంపియన్స్ లీగ్ కూడా గెలిచింది. వేసవి రాగానే కోచ్, షార్ట్స్ ఇద్దరూ పారిస్ జట్టుకు వెళ్లిపోయారు. ఇక్కడ ఒప్పందాలు చాలావరకు ఏడాది, రెండేళ్లవే. జూన్‌లో మీరు పేరు పెట్టి పిలిచిన జట్టులో సగం మంది సెప్టెంబరుకు కనిపించరు. ఆటగాడి పేరున్న జెర్సీ కొనకండి, క్లబ్బు పేరున్నది కొనండి.

క్లబ్బు పేర్ల మాటకొస్తే, అవీ అంత శాశ్వతం కావు. ఉల్మ్ జట్టు పేరులో మందుల కంపెనీ ఉంటుంది, ఓల్డెన్‌బుర్గ్ జట్టు పేరులో విద్యుత్ సంస్థ, బాన్ జట్టు పేరులో టెలిఫోన్ సంస్థ. నాకు ఇప్పటికీ వార్త చదువుతుంటే ప్రకటన చదువుతున్నట్టే ఉంటుంది. కాని ఆ డబ్బు ఆగితే ఏమవుతుందో లెవర్కూజెన్‌ను చూస్తే తెలుస్తుంది. 1966లో మొదలైన ఈ లీగ్‌లో అత్యధికంగా 14 టైటిళ్లు గెలిచిన ఊరు అది. డబ్బు పెట్టిన కంపెనీ చేయి వెనక్కి తీసుకున్నాక 2008లో లైసెన్సు డ్యూసెల్డార్ఫ్‌కు వెళ్లిపోయింది. అన్నిసార్లు గెలిచిన క్లబ్బు ఈరోజు పై లీగ్‌లో లేదు.

జాతీయ జట్టు సంగతి కూడా కలిపి చూడండి. 12 మంది మ్యాచ్ జాబితాలో కనీసం ఆరుగురు జర్మన్ ఆటగాళ్లు ఉండాలన్నది ఇక్కడి నియమం. కోచ్‌కు ఇష్టం ఉన్నా లేకపోయినా స్థానిక కుర్రాళ్లను తయారు చేసుకోక తప్పదు. 2023 ప్రపంచ కప్ సెమీఫైనల్లో జర్మనీ 113–111తో అమెరికాను ఓడించింది, ఫైనల్లో 83–77తో సెర్బియాపై గెలిచింది. ఆ సెమీఫైనల్లో 24 పాయింట్లు చేసిన ఆండ్రియాస్ ఓబ్స్ట్ అప్పటికే బాయర్న్ ఆటగాడు. అంటే అమెరికాకు చుక్కలు చూపించిన మనిషి శనివారం సాయంత్రం ఏదో ఒక మామూలు ఊళ్లో లీగ్ మ్యాచ్ ఆడుతుంటాడు. 2025లో జర్మనీ యూరప్ దేశాల చాంపియన్‌షిప్ కూడా గెలుచుకుంది. కెప్టెన్ డెన్నిస్ ష్రోడర్ పుట్టిపెరిగింది బ్రౌన్‌ష్వైగ్‌లో. ఎన్‌బీఏలో సంపాదించిన డబ్బుతో ఆ ఊరి క్లబ్బునే కొన్నాడు.

ఇప్పుడు మీ ఊరు, అంటే మా ఊరు. తూర్పు జర్మనీ రోజుల్లో బాస్కెట్‌బాల్‌ను ప్రభుత్వం పక్కన పెట్టేసింది. ఒక జట్టు ఎంత కష్టపడినా ఒలింపిక్స్‌లో వచ్చేది ఒక్క పతకమే. ఈతలోనో పరుగుల్లోనో అదే ఖర్చుకు ఎన్నో వస్తాయి. ఆ లెక్కతో 1969లో ఈ ఆటకు పెద్దఎత్తున సాయం ఆపేశారు. దేశం ఒక్కటయ్యాక కూడా ఈ ప్రాంతం కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. కెమ్నిట్స్ పై లీగ్‌లోకి వచ్చింది 2020లోనే. నాలుగేళ్లకే, 2024లో, యూరప్ క్లబ్బుల పోటీ ఫీబా యూరప్ కప్ గెలిచింది. 2025–26 సీజన్‌లో బెర్లిన్‌ను వదిలేసినా తూర్పు ప్రాంతంనుంచి నాలుగు జట్లున్నాయి: కెమ్నిట్స్, వైసెన్‌ఫెల్స్, యేనా, రోస్టాక్. జర్మనీ పత్రికలు తూర్పు ప్రాంతం గురించి రాసినప్పుడు మూతపడిన ఫ్యాక్టరీలు, వలసపోయిన యువత, రాజకీయాలే ఎక్కువగా రాస్తాయి. ఈ హాల్లో కూర్చుంటే ఊరివాళ్లు తమ గురించి తాము వేరేగా చెప్పుకోవడం వినపడుతుంది. విదేశీ విద్యార్థిగా నాకు ఈ ఊరివాళ్లతో మాటలు కలిసింది ఎక్కువగా అక్కడే, విరామంలో వరుసలో నిలబడినప్పుడు.

హాలు అంటే ఎన్‌బీఏ భవనాన్ని ఊహించుకోకండి. ఎగ్జిబిషన్లు పెట్టే భవనంలోనే కోర్టు పరిచి ఆడతారు, సుమారు 5000 మంది పడతారు. బెర్లిన్‌లోనైతే 14,000 దాటుతారు గాని, ఇక్కడి చప్పుడే ఎక్కువ. అభిమాన సంఘం వాళ్లు డ్రమ్ములతో వస్తారు, మొదటి నిమిషంనుంచి చివరిదాకా ఆపరు. చాలా ఊళ్లలో సొంత జట్టు మొదటి బుట్ట వేసేదాకా ప్రేక్షకులు కూర్చోరు. చుట్టూ అందరూ నిలబడి ఉంటే మీరూ నిలబడండి. తినడానికి మాంసం లేనివి వెతికితే బంగాళాదుంప వేపుళ్లు, ప్రెట్జెల్ దొరుకుతాయి, అంతే. ఆదివారం ఈ దేశంలో దుకాణాలు ఎలాగూ మూసి ఉంటాయి కాబట్టి మ్యాచ్ వల్ల మీ పనులేవీ ఆగవు.

సీజన్ సెప్టెంబరు చివర మొదలవుతుంది, మీ తరగతులు అక్టోబరులో. బాయర్న్, ఆల్బా వచ్చే మ్యాచ్‌ల టికెట్లు తొందరగా అయిపోతాయి, వాటికోసం ఎదురుచూడకండి. మొదటిసారికి వైసెన్‌ఫెల్స్‌తోనో యేనాతోనో జరిగేది ఎంచుకోండి. పొరుగు ఊళ్లు కావడంతో వాళ్ల అభిమానులు కూడా గుంపుగా వస్తారు. డ్రమ్ముల దగ్గర కూర్చుంటే సందడి తప్ప ఆట అర్థం కాదు. పక్క స్టాండులో కాస్త ఎత్తుగా, మధ్య గీతకు దగ్గరగా కూర్చుంటే నేను చెప్పిన స్క్రీన్లన్నీ కనిపిస్తాయి. టికెట్ కొనేటప్పుడు విద్యార్థి రాయితీ ఉందేమో చూసుకుని, కార్డు వెంట తీసుకెళ్లండి. బయటి ఊళ్లలో జరిగే మ్యాచ్‌లకు డిన్ అనే చానల్‌కు ఆన్‌లైన్ చందా కట్టాలి. వ్యాఖ్యానం జర్మన్‌లోనే ఉంటుంది, భాషా పరీక్ష రాయబోయేవారికి అదీ పనికొస్తుంది.