కార్లు తుడవడానికా మూడేళ్ళు డిప్లొమా చదివించింది?

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె. శనక్కాయ, కంది వేస్తాం. మా అబ్బాయి ఈ ఏడాది ఆటోమొబైల్ డిప్లొమా పూర్తి చేశాడు. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరమంటే వినడం లేదు. బెంగళూరులో స్పోర్ట్స్ కార్లు అమ్మే షోరూంలో పని దొరికిందట. అమ్మకానికి వచ్చిన కార్లను, కస్టమర్లు వదిలి వెళ్ళిన కార్లను యార్డులో పెట్టి చూసుకోవాలట. తుడవడం, బ్యాటరీలకు చార్జింగ్ పెట్టడం, అంతే. అది వద్దంటే లక్షన్నర కట్టి మూడు నెలల కార్ డిటెయిలింగ్ కోర్సు (కార్లను శుభ్రం చేసి, పాలిష్ పట్టి మెరిపించే పని నేర్పేది) చేయించమంటాడు. కార్లు తుడవడానికా వాణ్ణి చదివించింది? నలుగురూ అడిగితే ఏం చెప్పాలి? బీటెక్, ఈ ఉద్యోగం, ఆ కోర్సు, మూడూ పోల్చి ఏది మంచిదో చెప్పండి. (ఒక తండ్రి, అనంతపురం జిల్లా)

అన్నా, మీ ఉత్తరాన్ని కుదించి పైన వేశాను. అసలు ఉత్తరం మూడు పేజీలు. అందులో ‘నలుగురు’ అన్న మాట ఐదు చోట్ల ఉంది. మీవాడి పేరు ఒక్కచోట కూడా లేదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరి ఇంట్లో హోటల్ వంటగది, ఇంకొకరి ఇంట్లో గొర్రెల షెడ్డు, మీ ఇంట్లో కార్లు. చదివించిన పిల్లోడు చేతికి మసి అయ్యే పనికి పోతే మా పరువేం కావాలి అన్నదే అందరి బాధ. దానికి తర్వాత వస్తాను. ముందు ఆ పనేమిటో చెప్తాను. ‘తుడవడం, అంతే’ అని మీరు రాసినప్పుడే మీకు అది ఎవరూ సరిగ్గా చెప్పలేదని నాకు అర్థమైంది. మీవాడు కూడా చెప్పినట్టు లేడు.

నాకూ రెండేళ్ళ కిందటి దాకా తెలియదు. నా దగ్గరికి సలహాకు వచ్చిన కల్యాణదుర్గం కుర్రాడొకడు బెంగళూరులో ఇలాంటి యార్డులోనే చేరాడు. ఏదో పనిమీద అటు వెళ్తే, చూపిస్తా రమ్మన్నాడు. బేస్‌మెంట్‌లోకి దిగుతుంటేనే నా వాచీ తీయమన్నాడు. ఉంగరం తీయమన్నాడు. నా బెల్టు బకిల్ చూసి, “సార్, మీరు కార్లకు మూరెడు దూరంలో నడవండి” అన్నాడు. వాడి నడుముకు గుడ్డ బెల్టు, యూనిఫాంకు బయటికి కనిపించే గుండీ ఒక్కటి లేదు. ఒక కారు తలుపు దగ్గర వంగి ఏదో చేస్తుంటే చేతిలో మెత్తటి గుడ్డ జారి కింద పడింది. దులిపి మళ్ళీ వాడతాడనుకున్నాను. తీసుకెళ్ళి మూలనున్న వేరే బకెట్లో పడేసి, కొత్తది తెచ్చుకున్నాడు. నేలమీద పడిన గుడ్డకు ఇసుక రేణువు ఒక్కటి అంటినా చాలు, దానితో రుద్దితే పెయింట్ మీద గీతలు పడతాయట.

మీరు బాగా వినాల్సిన సంగతి ఇది. అక్కడ దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడవడమే నిషేధం. మన దగ్గర గాలికాలంలో కారు మీద ఎర్రదుమ్ము ఎలా పేరుకుంటుందో మీకు తెలుసు. దాన్ని పంచె చెంగుతో ఒక్క తుడుపు తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. వాళ్ళు ముందు నీళ్ళు కొట్టి, నురుగు పట్టించి, దుమ్మును జారవిడిచి, అప్పుడు రెండు బకెట్లతో కడుగుతారు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఒకదాంట్లో చేతి తొడుగు జాడించే మంచినీళ్ళు.

కడిగాక కూడా తెచ్చి అలాగే నిలబెట్టరు. ఇనుప బ్రేక్ డిస్కులు తడితో ఉంటే తెల్లారేసరికి తుప్పు పొర కడతాయి. అందుకని కాస్త దూరం నడిపి, బ్రేకులు ఆరాక లోపల పెడతారు. నెలల తరబడి నిలబెట్టాల్సిన కారుకు హ్యాండ్‌బ్రేక్ వేయరు, వేస్తే బ్రేక్ ప్యాడ్లు డిస్కుకు అతుక్కుపోతాయి. చక్రాలకు దిమ్మెలు అడ్డం పెడతారు. టైర్లలో గాలి మామూలు కంటే కొంచెం ఎక్కువ ఉంచి, కొన్నాళ్ళకోసారి కారును కాస్త ముందుకో వెనక్కో జరుపుతారు. లేకపోతే బరువంతా ఒకేచోట పడి టైరు అక్కడ చదునైపోతుంది, రోడ్డెక్కాక బండి వణుకుతుంది.

ఇక బ్యాటరీ. మీరు ‘చార్జింగ్ పెట్టడం’ అని ఒక్క మాటలో తేల్చేశారు కదా. ఈ కార్లు నిలబడి ఉన్నా నిద్రపోవు. అలారం, తాళాలు, కంప్యూటర్లు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయి. పోర్షే 911లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకునేది కరెంటుతో. బ్యాటరీ చచ్చిపోతే డిక్కీ తెరుచుకోదు, డిక్కీ తెరుచుకోకపోతే బ్యాటరీ చేతికి అందదు. అప్పుడు లోపలున్న ఫ్యూజు పెట్టె దగ్గర్నుంచి బయటి కరెంటు ఇచ్చి తెరవాలి. ఇది తెలియని వాడు ఇనుప కడ్డీతో ప్రయత్నిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే ప్రతి కారుకూ ఒక మెయింటెనర్, అంటే బ్యాటరీ దిగిపోకుండా చూసే చార్జర్, తగిలించి ఉంటుంది. మామూలు బ్యాటరీకి ఒక రకం, లిథియం బ్యాటరీకి ఇంకో రకం. మన కుర్రాడు గోడకు వేలాడుతున్న రిజిస్టర్ చూపించాడు. కారు నంబరు, తేదీ, వోల్టేజి, నాలుగు టైర్ల గాలి, జరిపారా లేదా, కింద సంతకం. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4కు వస్తే చూసుకోవాలి, 12 కిందికి దిగితే మేనేజర్ అరుపులు.

ఇంకోటి చూసి నాకు సిగ్గేసింది. నా పాత కారును పది రోజులకోసారి స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఉంచి ఆపేస్తుంటాను, బండికి మంచిదని. వాడు నవ్వాడు. చల్లటి ఇంజిన్ అలా రెండు నిమిషాలు తిరిగితే లోపల పుట్టిన నీటి ఆవిరి బయటికి పోయేంత వేడి రాదు, ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ తడిగా మిగిలిపోతుంది. తీస్తే బాగా వేడెక్కే దాకా నడపాలి, లేకపోతే ముట్టుకోకూడదు. పెట్రోలు సంగతీ అంతే. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిలబెట్టే కారు ట్యాంకు ఎంత ఉంచాలి, ఎన్నాళ్ళు ఉంచాలి అన్నదానికీ లెక్క ఉంది. ఎలుకలు సరేసరి. లంబోర్గిని అయినా ఆటో అయినా వాటికి వైరు వైరే.

అన్నా, మీరు విత్తనకాయ దాచేవాళ్ళు. ఎండ సరిపోయిందా లేదా అని కాయ చెవి దగ్గర ఊపి గలగల వింటారు. తేమ ఉంటే బూజు పడుతుందని, పురుగు చూడాలని, ఎలుకలు చేరకూడదని జూన్ దాకా ఆ మూటల మీదే కన్నుంచుతారు. ఎవరైనా వచ్చి “మూటలకు కాపలా, అంతే” అంటే మీకెలా ఉంటుంది?

అలాగని ఈ ఉద్యోగాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. యార్డులో చేరి యార్డులోనే ఉండిపోతే నాలుగేళ్ళ తర్వాత కూడా మీవాడి చేతిలో ఉండేది అదే గుడ్డ. జీతం మొదట్లో గది అద్దెకూ తిండికీ సరిపోతే గొప్ప. మీవాడి దారి యార్డులోంచి సర్వీసు వైపు ఉండాలి. డెలివరీకి ముందు చేసే తనిఖీ, దాన్నే వాళ్ళు పీడీఐ అంటారు, అక్కడికి, తర్వాత టెక్నీషియన్‌గా. ఇప్పుడు ఈ కార్లే మారిపోతున్నాయి. ఫెరారీ ఎస్‌ఎఫ్90 ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు ప్లగ్గుకు పెట్టి చార్జి చేసే బ్యాటరీ కూడా ఉన్న కారు. 2023లో వచ్చిన లంబోర్గిని రెవుయెల్టోలో 12 సిలిండర్ల ఇంజిన్‌తో పాటు మూడు ఎలక్ట్రిక్ మోటార్లున్నాయి. నారింజ రంగు హై వోల్టేజి కేబుళ్ళ జోలికి శిక్షణ లేనివాణ్ణి రానివ్వరు, ఆ శిక్షణకు పంపేటప్పుడు డిప్లొమా ఉన్నవాడి పేరు ముందుంటుంది. మీ మూడేళ్ళ ఖర్చు ఎక్కడ పనికొస్తుందని అడిగారు కదా, అక్కడ.

ఇక ఆ మూడు నెలల కోర్సు. దీని గురించి నాకు కొంచెం కోపం ఉంది, ఓర్చుకోండి.

రీల్స్‌లో చూసే ఉంటారు. నల్లటి టీషర్టు, చేతిలో పాలిషింగ్ మెషిన్, అద్దంలా మెరిసే బానెట్, వెనకాల పాట. ‘నెలకు లక్ష సంపాదన, సొంత స్టూడియో.’ మూడేళ్ళ కిందట అలాంటి ఒక సంస్థ వాళ్ళు మా ఊరికి వచ్చి మాట్లాడితే నేనూ నమ్మాను. ఒక పిల్లోణ్ణి నేనే పంపించాను. వాళ్ళమ్మ గాజులు కుదువబెట్టింది. ఆ పిల్లోడు మూడు నెలలు పాత బానెట్లు నాలుగింటి మీద మెషిన్ తిప్పి, సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు హైవే పక్కన వాటర్ సర్వీసింగ్ షెడ్డులో ఉన్నాడు. అది తప్పుడు పని కాదు, కానీ దానికి గాజులు అక్కర్లేదు. ఆ తల్లి ఎదురుపడితే నేను ఇప్పటికీ తల దించుకుంటాను.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. కారు పెయింట్ మీద మెరుపునిచ్చే క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లే ఉంటుంది, అంటే మనం రాసుకునే కాగితం మందంలో దాదాపు సగం. మెషిన్‌తో పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది, మళ్ళీ రాదు. మందం కొలిచే మీటరు పెట్టి, ఇక్కడ ఇంకెంత తీయవచ్చో చూసుకుని చేయాల్సిన పని. అలాంటిది నాలుగు కోట్ల కారును సర్టిఫికెట్ చూసి ఎవడు చేతికిస్తాడు? ఏళ్ళ తరబడి పక్కన నిలబడి చూసినవాడికే ఇస్తారు. పీపీఎఫ్, అంటే పెయింట్‌ను కాపాడే పారదర్శకమైన పొర, అంటించడమూ అంతే, ఆ చేతివాటం పని చేసే చోటే వస్తుంది. డబ్బు కట్టి కొనుక్కునేది కాదు, జీతం తీసుకుంటూ నేర్చుకునేది. ఇక సొంత స్టూడియో అంటారా? అనంతపురంలో కియా సెల్టోస్ కారు కొన్నవాళ్ళు చాలామంది దాన్ని వేపచెట్టు కింద పెట్టి, డ్రైవర్‌తో రెండు బిందెల నీళ్ళు పోయిస్తారు. వాళ్ళలో ఎంతమంది వేలు పోసి పెయింట్ మెరుపును కాపాడే సిరామిక్ కోటింగ్ వేయిస్తారో మీరే చెప్పండి. కొందరు వేయిస్తారు, కాదనను. ఆ కొందరి కోసం ఇప్పటికే షాపులున్నాయి. లక్షన్నర కట్టకండి.

బీటెక్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఈసెట్ గురించి మీకు తెలియంది నేను చెప్పేదేం లేదు. మీవాడికి డిజైన్ మీద, లెక్కల మీద ఇష్టం ఉండి, మంచి కాలేజీలో సీటొస్తే చేర్పించండి. ఇష్టం లేకుండా తోస్తే మూడేళ్ళ తర్వాత సబ్జెక్టులు మిగుల్చుకుని ఇంటికొస్తాడు. అలాంటి వాళ్ళను వారానికి ఇద్దరిని చూస్తున్నాను. ‘కనీసం పెనుకొండ కియాలో అయితే చెప్పుకోడానికి బాగుంటుంది’ అని రాశారు. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి, మన పిల్లలు బాగానే కుదురుకున్నారు. కానీ లైన్లో పని ఒక తీరు, ఒకే కారును నెలల తరబడి కనిపెట్టుకుని ఉండడం ఇంకో తీరు. మీవాడు రెండోది కోరుకుంటున్నాడు. పైగా సరిహద్దులో పెరిగాడు కాబట్టి వాడికి కన్నడ వచ్చని మీరే రాశారు. బెంగళూరులో అది చిన్న లాభం కాదు.

నలుగురి విషయానికొద్దాం. కొంచెం గట్టిగానే అంటున్నాను. ఆ నలుగురిలో ఎవరైనా మీవాడి పాలిటెక్నిక్ ఫీజు కట్టారా? రేపు వాడు ఇష్టం లేని బీటెక్ ఫెయిలైతే వచ్చి కూర్చుంటారా? ‘వాడితో నెలరోజులుగా మాటల్లేవు’ అని రాశారు. పందొమ్మిదేళ్ళ పిల్లోడు ఉద్యోగం దొరికిందని చెప్తే మీరు మాట్లాడటం మానేశారు! ఇప్పుడీ పేజీ పక్కన పెట్టి పొలం దగ్గరికి వాణ్ణి తీసుకెళ్ళండి, ఆ యార్డులో ఏం చేస్తార్రా అని అడగండి. నేను చెప్పినదానికంటే వాడే బాగా చెప్తాడు. భయపడకండి అన్నా, మీ పెంపకం ఎక్కడా చెడలేదు. ఫోన్‌లో కార్లు చూస్తూ కూర్చునే పిల్లలు వేలమంది. మీవాడు బస్సెక్కి వెళ్ళి అడిగి పని తెచ్చుకున్నాడు. ఏడాది చూడండి. నచ్చకపోతే ఈసెట్ ఎక్కడికీ పోదు, వాడి వయసూ మించిపోదు.

చేరే ముందు మాత్రం వాడితో మూడు విషయాలు అడిగించండి. ఏడాది తర్వాత సర్వీసు విభాగానికి మారే వీలుందా? డిప్లొమా వాళ్ళకుండే అప్రెంటిస్‌షిప్ పథకం కింద తీసుకుంటారా, ఊరికే కాంట్రాక్టర్ మనిషిగానా? కాంట్రాక్టర్ మనిషిగా అయితే నేను వద్దనే అంటాను. మూడోది అన్నిటికంటే ముఖ్యం. కారుకు గీత పడితే ఇన్సూరెన్స్ చూసుకుంటుందా, జీతంలో కోస్తారా? ఆ జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద ఉండాలి. మంచి చోటైతే ఇలా అడిగినందుకు చిన్నబుచ్చుకోరు. డ్రైవింగ్ లైసెన్స్ లేకపోతే ఈ నెలలోనే తీయించండి. అక్కడ కార్లు నడపనిచ్చేది చాలా రోజుల తర్వాతే అయినా, అది ముందే చేతిలో ఉండడం మంచిది.

వెళ్ళేటప్పుడు బకిల్ లేని గుడ్డ బెల్టు ఒకటి కొనివ్వండి.