ఒకే సాఫ్ట్‌వేర్‌ను ఒక సంస్థ తీసుకుంటే పక్క సంస్థ ఎందుకు వద్దంటుంది?

గుంటూరు మిర్చి వ్యాపారంలో ఒకే స్థాయి దుకాణాలు రెండు ఉన్నాయనుకోండి. ఒకచోట లెక్కలన్నీ కంప్యూటర్‌లో, రెండోచోట ఇంకా చిట్టా పుస్తకంలో ఉండవచ్చు. తేడా డబ్బు దగ్గరే అనుకుంటాం. చాలాసార్లు కాదు.

1990లో టోర్నాట్‌స్కీ, ఫ్లైషర్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన చట్రం ఈ కారణాలను మూడుగా చూస్తుంది: సాంకేతికత, సంస్థ, బయటి పరిసరాలు. మొదటిది తేలికగానే అర్థమవుతుంది. పాత పద్ధతికంటే లాభం కనిపించాలి, ఉన్న పనితీరుకు అతకాలి.

అసలు చిక్కంతా సంస్థ లోపల. యజమాని పట్టుదల లేనిదే ఏదీ కదలదు. అది ఉన్నా, ఏళ్ల తరబడి లెక్కలు చూస్తున్న గుమాస్తా ఒప్పుకోవాలి. ఎవరికి ఎన్నాళ్లు అరువు ఇవ్వవచ్చో, ఎవరి బాకీ ఎలా రాబట్టాలో ఆయనకే తెలుసు. అదంతా కంప్యూటర్‌లోకి వెళితే తన విలువ పోతుందని ఆయన భయం. శిక్షణకు రూపాయి ఖర్చు పెట్టని యజమానులు దాన్ని మొండితనం అంటారు, అది అన్యాయం.

ఇక బయటి ఒత్తిడి. 2017 జూలై 1న జీఎస్‌టీ అమలులోకి రావడంతో విజయవాడ వన్‌టౌన్ టోకు వ్యాపారులు కూడా ఆన్‌లైన్ రిటర్నులకు మారక తప్పలేదు. 2023 ఆగస్టు నుంచి, 5 కోట్ల రూపాయల టర్నోవర్ దాటినవారు తోటి వ్యాపారులకు అమ్మే సరుకుకు సాధారణంగా ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) ఇవ్వాలి. అయితే చట్టం కోసం కొన్న సాఫ్ట్‌వేర్‌ను చట్టం అడిగినంత మేరకే వాడే దుకాణాలూ ఉంటాయి. మిగతాదంతా ఆడిటర్‌కు వదిలేస్తారు.