తేదీల చీటీ

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం ‘తెర మీద ఐరోపా’ అందింది. నాలుగో పేజీ దాకా సాఫీగానే చదివాను. అక్కడ “వాజ్దా తీసిన డాంటన్ చూస్తే ఫ్రెంచి విప్లవం ఎలా జరిగిందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది” అన్న వాక్యం తగిలింది. కాగితాలు పక్కన పడేశాను. మళ్లీ తీయడానికి కారణం ఆ వాక్యానికి సరిగ్గా పైనున్న ఆరు వాక్యాలు. చలిలో రొట్టెల కోసం నిలబడ్డ జనం, వాళ్ల మధ్య మాటల కన్నా ఎక్కువగా తిరుగుతున్న భయం. అవి చూడ్డం చేతనైన మనిషి రాసినవి. కింది వాక్యం మాత్రం వాల్‌పోస్టరు మీది మాట.

ఆ రొట్టెల వరుస ఏ ఊరిది? కథ ప్రకారం పారిస్, 1794. సినిమా తీసింది మాత్రం 1982లో. దర్శకుడు పోలండ్ మనిషి, ఆంద్జెయ్ వైదా. (పోలిష్ వాళ్ల ‘జె’ అక్షరం మనకు ‘య’. ‘వాజ్దా’ అని రాస్తే నువ్వు చదివిందంతా ఇంగ్లీషులోనే అని తెలిసిపోతుంది.) 1981 డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక శాసనం పెట్టారు. సాలిడారిటీ కార్మిక సంఘం నాయకుల్ని నిర్బంధించారు. పోలండ్‌లో తీద్దామనుకున్న సినిమా ఫ్రాన్సుకు తరలింది. పోలండ్ రాజధాని వార్సాలో అప్పుడు మాంసానికి రేషను కార్డులు, దుకాణాల ముందు పొడుగాటి క్యూలు. 1983 జనవరిలో పారిస్‌లో సినిమా విడుదలయ్యేనాటికి సైనిక శాసనం ఇంకా ఎత్తేయలేదు. నువ్వు అంత బాగా పట్టుకున్న వరుసలో సగం మంది వార్సా వాళ్లమ్మా.

నీ వ్యాసంలో సినిమాలు, నాటకాలు, డాక్యుమెంటరీలు కలిపి పదకొండు. కథ ఏ కాలానిదో అన్నిటికీ రాశావు. తయారైన ఏడాది ఒక్కదానికీ లేదు. చారిత్రక సినిమా తాను చూపించే కాలం గురించి చెప్పేది కొంచెం, తనను తీసిన కాలం గురించి చెప్పేది బోలెడు. ఆ రెండో తేదీ తెలియనివాడు సినిమా చూశాడంటే నేను ఒప్పుకోను. అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ కలిసి చిందులేస్తే అది చరిత్ర అని మనలో ఎవరం నమ్మం, ఆ ఇద్దరూ మనకు తెలుసు కనక. పారిస్, వియన్నా అనేసరికి ఆ అనుమానం అటకెక్కుతుంది. విగ్గులూ గుర్రబ్బండ్లూ కొవ్వొత్తులూ కనిపిస్తే చాలు, అచ్చం అలాగే జరిగిందనుకుంటాం.

అందుకని ముందు చీటీ రాయి. పోస్టుకార్డంత కాగితం, దాని మీద నాలుగు గీతలు. మొదటి గీత మీద సంఘటన తేదీ. రెండో గీత మీద దానికి ఆధారమైన నాటకమో నవలో ఎప్పటిదో. మూడో గీత మీద తీసిన ఏడాది, చోటు, డబ్బు ఎవరిది. నాలుగో గీత మీద నువ్వు చూసిన ప్రతి: నిడివి, భాష, సబ్‌టైటిల్స్ ఏ భాషలోంచి వచ్చాయి.

డాంటన్‌కి నింపి చూద్దాం. మొదటి గీత తేలిక: విప్లవ నాయకుడు డాంటన్ మీద తోటి విప్లవకారుడు రోబెస్పియర్ వర్గం పెట్టించిన విచారణ 1794 ఏప్రిల్ 2న మొదలు, 5న గిలటిన్ కింద డాంటన్ తల పోయింది. రెండో గీత దగ్గరే అసలు సంగతి ఉంది. ఈ సినిమాకు మూలం స్తనిస్వావా ప్షిబిషెఫ్‌స్కా అనే పోలిష్ రచయిత్రి 1929లో ముగించిన నాటకం. ఆమె రోబెస్పియర్‌ని ఆరాధించిన మనిషి, నాటకం బరువంతా అతని వైపే. వైదా 1975లో అదే నాటకాన్ని వార్సా రంగస్థలం మీద ఆడించాడు. తర్వాత సినిమా తీస్తే ప్రేక్షకుడి జాలి డాంటన్ మీదికి మళ్లింది. మధ్యలో ఏం మారిందో మూడో గీత చెబుతుంది. ఫ్రాన్సు, పోలండ్ ఉమ్మడిగా తీసిన సినిమా అది. డాంటన్ వేషం ఫ్రెంచి నటుడు జెరార్ దెపార్ద్యూది. రోబెస్పియర్ వేషం పోలిష్ నటుడు వోయ్‌చెహ్ ప్షోన్యాక్‌ది. డాంటన్ చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కువగా ఫ్రెంచివాళ్లు, రోబెస్పియర్ ఉన్న పాలక కమిటీ వైపు ఎక్కువగా పోలిష్ వాళ్లు. కమిటీ వాళ్ల పెదాలు పోలిష్ పలుకుతాయి, గొంతులు ఫ్రెంచి పలుకుతాయి. నువ్వు ‘డబ్బింగ్ నాసిగా ఉంది’ అని ఒక్క ముక్కలో కొట్టేశావు. అధికారంలో ఉన్నవాళ్ల నోటికీ మాటకీ పొంతన లేకపోవడం ఆ సినిమాలో కూర్చుని వినాల్సిన విషయం. కావాలని చేశారో, బడ్జెట్ తెచ్చిన తంటానో, నీ పేజీలో దానికి ఒక పేరా పడాలి.

చిత్రకారుడు దవీద్ పనిచేసే గది దృశ్యం కూడా వదిలేశావు. అక్కడ రోబెస్పియర్ ఒక పెద్ద బొమ్మలోంచి డాంటన్ మిత్రుడు ఫాబ్ర్ దెగ్లాంతీన్‌ని తీసేయమంటాడు. అది కల్పన. స్టాలిన్ కాలంలో ఫొటోల్లోంచి మనుషులు మాయమైపోవడం ఎరిగిన పోలిష్ ప్రేక్షకుడికి అది ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు. డాంటన్ ఇంకో మిత్రుడు కమీయ్ దెమూలాఁ నడిపే పత్రిక అచ్చయ్యే ప్రెస్సుని ధ్వంసం చేసే దృశ్యమూ అంతే. 1982లో సాలిడారిటీ వాళ్లు కరపత్రాలు దొంగచాటుగా అచ్చువేస్తున్నారు.

ఇదే విచారణ మీద ఇంకో నాటకం ఉంది. జర్మన్ రచయిత గియోర్గ్ బ్యుష్నర్ 1835లో, ఇరవయ్యొక్కేళ్ల వయసులో రాశాడు. అంతకుముందు ఏడాది రైతుల్ని రెచ్చగొట్టే కరపత్రం రాసినందుకు పోలీసులు వెంటపడుతుండగా రాసిన నాటకం అది. చరిత్ర పుస్తకాల్లోని ప్రసంగాల్ని దాదాపు ఉన్నవున్నట్టే దించాడు. ఆ ఏడే అచ్చయింది, అదీ కత్తిరింపులతో. రంగస్థలం ఎక్కింది 1902లో, అంటే 67 ఏళ్లకు. కాబట్టి నాటకాలకు చీటీలో ఒక గీత చాలదు. రాసిన ఏడు, అచ్చయిన ఏడు, మొదట ఆడిన ఏడు, మూడూ వెయ్యి. ఒక్క విచారణ, 1835, 1929, 1983. నీ వ్యాసం ఇది. మిగతా పదీ తీసెయ్. రెండువేల మాటల్లో పదకొండింటిని కూరితే ఒక్కోదానికి 180 మాటలు. అందులో కథ చెప్పడానికే 150 పోతాయి.

ఇలా పదకొండు కూరడం నీ తప్పు కాదని తెలుసు. ఆదివారం అనుబంధాల వాళ్లకు ‘తప్పక చూడాల్సిన పది’ కావాలి, పక్కన నక్షత్రాలు కావాలి. తయారైన ఏడాది బ్రాకెట్లో పెడితే చోటు తినేస్తోందని కొట్టేసే సంపాదకులున్నారు. సినిమా స్టిల్లు తెచ్చి దాని కింద ‘విప్లవ దృశ్యం’ అని అచ్చేసే మహానుభావులూ ఉన్నారు. దీనికి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ రష్యా విప్లవంలో వింటర్ ప్యాలెస్ ముట్టడిదని చెప్పే ఫొటో. ప్యాలెస్ ముందరి మైదానంలో జనం దాని వైపు పరిగెడుతుంటారు. అది 1917 నాటిది కాదు. 1920 నవంబరు 7న, మూడో వార్షికోత్సవానికి, నాటక దర్శకుడు నికొలాయ్ ఎవ్రెయినొవ్ అదే మైదానంలో వేలమందితో ఆడించిన ప్రదర్శన తాలూకుది. చూడ్డానికి వచ్చిన జనాన్ని ఫొటోలోంచి చెరిపేశారు. తర్వాత దశాబ్దాలపాటు అది పాఠ్యపుస్తకాల్లో అసలు ఘటనగా చలామణి అయింది. ఒక నాటకం చరిత్రకు సాక్ష్యమై కూచుంది. నీ వ్యాసంతో పాటు పంపిన మూడు బొమ్మల్లో రెండోది అదే.

ఇక డాక్యుమెంటరీలు. ‘ఇవి కల్పన కావు కనక నమ్మొచ్చు’ అన్నావు. 1916లో బ్రిటిష్ వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలోని సోమ్ పోరు మీద తీసిన సినిమా తీసుకో. ఆ పోరు జులై 1న మొదలైంది. ఆగస్టులో, పోరు ఇంకా జరుగుతుండగానే, సినిమా హాళ్లకు వచ్చేసింది. అందులో హాథార్న్ గట్టు కింద పెట్టిన మందుపాతర పేలే షాట్ నిజమైనది. జులై 1 ఉదయం 7.20కి, దాడికి పది నిమిషాల ముందు, కెమెరామన్ జెఫ్రీ మాలిన్స్ తీశాడు. సైనికులు కందకంలోంచి పైకెక్కి దాడికి పోయే షాట్ మాత్రం వెనక శిక్షణ స్థలంలో నటింపజేసింది. ఎలా పట్టాలంటే, కెమెరా ఎక్కడుందో చూడు. నిజం దాడిలో అలా నిటారుగా కెమెరా నిలబెట్టినవాడు బతకడు. కందకం లోతు చూడు, ముందు ముళ్లతీగ ఉందేమో చూడు, వీపున మూటలున్నాయేమో చూడు. అలాగని ఆ సినిమా పనికిరాదనకు. మొదటిరోజే 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయిన యుద్ధాన్ని, ఇంటి దగ్గరున్న వాళ్లకు ఎంతవరకు చూపించవచ్చని ప్రభుత్వం అనుకుందో దానికి అదే సాక్ష్యం.

అలాంటి పాత మూగ సినిమాల్లో మనుషులు గబగబా నడుస్తుంటే నవ్వొస్తుందని రాశావు. సెకనుకు 16 ఫ్రేముల దగ్గర తీసినదాన్ని 24 దగ్గర ఆడిస్తే ఒకటిన్నర రెట్ల వేగం వస్తుంది, 75 నిమిషాలది 50కి అయిపోతుంది. తప్పు నువ్వు చూసిన ప్రతిది. నాలుగో గీత పెట్టమన్నది ఇందుకే. యూరప్ డీవీడీల్లో ఇంకో తిరకాసు ఉంది. అక్కడి టీవీ పద్ధతిలో 24 ఫ్రేములు 25 అవుతాయి. 136 నిమిషాల డాంటన్ 130న్నర నిమిషాలకే ముగుస్తుంది. ఏదో కత్తిరించారని గోల పెట్టకు. వ్యాసంలో ‘నలభయ్యో నిమిషంలో’ అని రాస్తే ఏ ప్రతిలోనో చెప్పు. లేకపోతే పాఠకుడు వెతికి దొరక్క నిన్ను అబద్ధాలకోరంటాడు.

కత్తిరింపులు నిజంగానే ఉండే సందర్భాలూ ఉన్నాయి. నాజీ శిబిరాల మీద అలేన్ రెనే తీసిన ‘రాత్రి, పొగమంచు’ అరగంట డాక్యుమెంటరీ, 1956లో వచ్చింది. అందులో ఫ్రాన్సులోని పితివియే శిబిరం ఫొటో ఒకటుంది. కాపలా కాస్తున్న మనిషి నెత్తిన ఫ్రెంచి పోలీసు టోపీ. ఆ టోపీ కనబడకూడదని సెన్సారు పట్టుబడితే ఫొటో మీద అడ్డంగా ఒక దూలం గీసి కప్పేశారు. తర్వాతి ప్రతుల్లో టోపీ తిరిగొచ్చింది. నువ్వు చూసినది ఏదో ఆ ఒక్క షాట్ దగ్గర ఆపితే తేలిపోతుంది. వ్యాఖ్యానం కూడా జాగ్రత్తగా విను. యూదుల ఊసు అందులో దాదాపు ఉండదు. మౌట్‌హౌజెన్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ జాఁ కేరోల్ రాసిన మాటలవి, అతనికి తెలియక కాదు. 1950ల ఫ్రాన్సు ఆ శిబిరాల్ని ఎలా గుర్తుపెట్టుకుందో ఆ మౌనంలో ఉంది.

చూసే పద్ధతి చెబుతాను. మొదటిసారి ఆపకుండా, నోట్సు లేకుండా. రెండోసారి పేజీని నిలువునా రెండుగా మడిచి, ఎడమ వైపు కంటికి కనబడింది, కుడి వైపు చెవికి వినబడింది. రెండూ కలిపి ఒకే వాక్యంలో రాయకు, కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు అదే. ‘హతాశులైన సైనికులు’ అని రాస్తావు. ఆ హతాశ బొమ్మలో ఉందా, వయొలిన్‌లో ఉందా? మూడోసారి ఏదో ఒక ఇరవై నిమిషాలు శబ్దం తీసేసి చూడు. ఎడమ వైపు నిలబడిందే నీ వ్యాసానికి పనికొస్తుంది.

నాటకాలు చదవడమా, రికార్డింగు చూడ్డమా అన్నావు. చదువు, అదీ ఎన్నోసారి తిరగరాసిన పాఠమో చూసుకుని. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ గెలీలియో నాటకాన్ని 1938–39లో డెన్మార్క్ ప్రవాసంలో రాశాడు. అందులో భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న మాటను గెలీలియో చర్చి విచారణలో వెనక్కి తీసుకోవడం ఒక యుక్తి, రహస్యంగా రాసుకోవడానికి సంపాదించిన వ్యవధి. హిరోషిమా మీద బాంబు పడ్డాక, 1947 అమెరికా ప్రదర్శనకు తిరగరాసినప్పుడు, అదే లొంగుబాటు ద్రోహమైపోయింది. 1633 నాటి విచారణలో కొత్తగా ఏమీ జరగలేదు, జరిగిందంతా 1945లోనే. నువ్వు రెండు పాఠాల నుంచి చెరో డైలాగు తీసి పక్కపక్కన పెట్టి ‘గెలీలియో సంక్లిష్టమైన పాత్ర’ అని తేల్చేశావు.

మైకేల్ ఫ్రేన్ ‘కోపెన్‌హేగన్’ని తీసేయొద్దు, ఇంకో వ్యాసానికి దాచుకో. అణుశాస్త్రవేత్తలు బోర్, హైజెన్‌బర్గ్ 1941 సెప్టెంబరులో కలుసుకున్నప్పుడు ఏం మాట్లాడుకున్నారన్నదాని మీద వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టిన ఆ నాటకం 1998లో వచ్చింది. దాని మీద లేచిన చర్చ వల్ల, 2012 దాకా మూసి ఉంచాల్సిన బోర్ పంపని ఉత్తరాల చిత్తుప్రతుల్ని 2002 ఫిబ్రవరిలోనే బయటపెట్టారు. నాటకం వెళ్లి భోషాణం తలుపు తట్టిన సందర్భం అది. దానికి చీటీలో ఐదో గీత కావాలి.

చిన్నచిన్నవి కొన్ని. అక్టోబరు విప్లవం నవంబరులో జరిగిందేమిటని ఆశ్చర్యార్థకం పెట్టావు. రష్యా అప్పటికి పాత జూలియన్ క్యాలెండరు వాడుతోంది, 13 రోజుల తేడా. ఫ్రెంచి విప్లవం వాళ్లది పూర్తిగా వేరే క్యాలెండరు. డాంటన్ చనిపోయిన రోజు వాళ్ల లెక్కలో రెండో ఏడు జెర్మినాల్ 16. ఆ నెలల పేర్లు పెట్టింది ఎవరో తెలుసా? దవీద్ బొమ్మలోంచి చెరిపేయమన్న ఆ ఫాబ్రే. డాంటన్‌తో పాటే అతని తలా పోయింది. ఈ ముక్క నీ వ్యాసంలో ఎక్కడ పెట్టాలో నువ్వే చూసుకో.

కలం పేరు గురించి, పుస్తకం గురించి అడిగావు. ఇప్పుడు కాదు. ఫ్రెంచి నేర్చుకోవాలా అంటే, అంకెలు, నెలలు, సినిమా మొదట్లో పడే పేర్ల పట్టీ చదవగలిగినంత నేర్చుకో. వారం చాలు.

కొత్త ప్రతిలో రొట్టెల వరుస మొదటి పేజీకి రావాలి. చీటీ పైన గుచ్చి పంపు. నాలుగో గీత ఖాళీగా ఉంటే లోపలి కాగితాలు చదవను.

ఉంటాను.