గట్టు మీద కూర్చున్న మనిషికి రేపటిని ఎలా చూపించాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో సముద్రపు ఒడ్డు పల్లె. కౌలుకు తీసుకున్న మూడు చెరువుల్లో రొయ్యలు వేస్తే వరుసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయాయి. రెండోసారి నలభై రోజులకే రొయ్యలు గట్టుకు కొట్టుకొచ్చాయి. మేత అంగడిలో బాకీ ఉంది, నగలు కుదువలో ఉన్నాయి. మా ఆయన పొద్దస్తమానం ఖాళీ చెరువు గట్టు మీద కూర్చుంటున్నారు, పలకరించినా పలకడం లేదు. పోయిన ఏడాది రొట్టెల పండుగలో సాగు కలిసిరావాలని కోరుకుంటూ నేను వ్యాపార రొట్టె పట్టుకున్నాను, కోరిక తీరలేదు. మంచి రోజులు వస్తాయని అందరూ అంటున్నారు గాని, దేన్ని చూసి ఎదురుచూడాలి? ఈ ఏడాది స్వర్ణాల చెరువుకు ఏ మొహంతో వెళ్లాలి?
– ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇచ్చేవాళ్లు, అంతకుముందు ఏదో ఒక ఏడాది అదే నీళ్లలో చెయ్యి చాపి రొట్టె పట్టుకున్నవాళ్లే. నీ కోరిక ఎందుకు తీరలేదని అక్కడ మిమ్మల్ని నిలదీసేవాళ్లు ఉండరు. నిస్సంకోచంగా వెళ్లి మళ్లీ పట్టుకోండి. రొట్టె రొయ్యల తెగులును ఆపుతుందని నేను చెప్పడం లేదు. దాన్ని పట్టుకున్న రోజే, కోరిక తీరాక రొట్టె ఇవ్వడానికి తిరిగి రావలసిన రోజు కూడా మనసులో పడుతుంది. మంచి రోజులు వస్తాయన్న మాట మీకు ఊరటనివ్వకపోవడానికి కారణం కూడా ఇదేననుకుంటాను: ఆ మాటలో ఎప్పుడన్నది లేదు, మనం చేయవలసిన పనీ లేదు.

మన తీరం ఇలాంటి దెబ్బ ఇంతకుముందే తిన్నది. 1994-95లో ఇదే తెగులు టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగును కట్టడి చేస్తూ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఎన్నో చెరువులు ఎండిపోయి పడి ఉన్నాయి. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక తిరిగి లేచినవాళ్లు పాత పద్ధతిలోనే లేవలేదు. తెగులు ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించిన రొయ్య పిల్లనే వదలడం, ఎండ్రకాయలు రాకుండా గట్టు చుట్టూ వల కట్టడం, పక్షులు వాలకుండా పైన తీగలు లాగడం, నీటిని బ్లీచింగుతో శుద్ధి చేసి కొన్నాళ్లు నిలవ ఉంచాకే వాడడం వాళ్లు నేర్చుకున్నారు. ఎదురుచూడడమంటే నా దృష్టిలో ఇదే, రాబోయే పంట కోసం ఈ రోజు పద్ధతి మార్చుకోవడం.

అందువల్ల పోయినదాన్ని ఒక్క పంటలోనే రాబట్టాలని మూడు చెరువుల్లోనూ వెంటనే పిల్ల వదలవద్దు. ఒక్క చెరువునే నేల నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టి, సున్నం చల్లి, పిల్లను పలచగా వదిలే రోజును గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టండి. మేత అంగడి ఆయనకు మొహం చాటేయకుండా మీరిద్దరూ కలిసి వెళ్లి, ఏ నెలలో ఎంత కట్టగలరో కాగితం మీద రాసి చూపండి. వాయిదా రాసిచ్చిన బాకీదారు మాటకు, కనిపించకుండా తిరిగే బాకీదారుకు లేని విలువ ఉంటుంది. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుంచి చేపలు, రొయ్యల రైతులకూ వర్తింపజేశారు. కౌలు పత్రం తీసుకుని బ్యాంకులో, మత్స్యశాఖ కార్యాలయంలో విచారించండి, కుదువ వడ్డీ కంటే ఆ వడ్డీ తేలికగా ఉంటుంది.

బాకీ కంటే మీ ఆయన మౌనమే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. షెడ్డులోని మందుల డబ్బాలను ఆయనకు అందని చోటికి ఈ రోజే మార్చండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ సలహాదారులు రాత్రింబవళ్లు ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఆయన చేయకపోతే మీరే చేయండి. నిద్ర, తిండి మానేస్తే ఇక ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి.

ఈ సాయంత్రం మీరూ గట్టు మీదికి వెళ్లి ఆయన పక్కన కూర్చోండి. ధైర్యం చెప్పవద్దు. ఏ చెరువు నేల ముందుగా ఆరుతుందో అడగండి, అది మీకంటే ఆయనకే బాగా తెలుసు.